తాబేలుకు తగిన ఇల్లు

తాబేలు తన ఇంటిని తానే మోసుకొని తిరుగుతుందని అనుకోవడం పరిపాటి. నిజానికి తాబేటి డిప్ప ఇల్లు కాదు. వెన్నెముకతో, పక్కటెముకలతో కలిసిపోయిన శరీరభాగం. దానిని విడిచి తాబేలు బయటికి రాలేదు. ఎండ, నేల, తేమ, పచ్చిక కలిసిన పరిసరమే దానికి అసలైన ఇల్లు. ఆ పరిసరాన్ని నాలుగు గోడల మధ్య కల్పించడంలోనే తాబేళ్ళను పెంచేవారి వివేకం తెలుస్తుంది.

ఐరోపాలో పెంపుడు జంతువుగా పేరొందినది హెర్మన్ తాబేలు. స్పెయిన్ మొదలు బాల్కన్ దేశాల వరకు గల వెచ్చని ప్రాంతాలు దీని జన్మస్థానం. ఇది యాభై ఏళ్ళకు పైగా జీవించగలదు. బ్రిటన్ వంటి చలి దేశాలలో సంవత్సరంలో చాలా కాలం దీనిని ఇంటిలోనే ఉంచవలసి వస్తుంది.

చాలామంది తొలుత చేసే పొరపాటు చేపల గాజుతొట్టిని ఎంచుకోవడం. గాజు అడ్డుగోడ అని తాబేలు గ్రహించలేదు. అవతలికి పోవాలని అదేపనిగా గాజును గీరుతూ అలసిపోతుంది. లోతైన గాజుతొట్టిలో గాలి కూడా సరిగా ఆడదు. కాబట్టి పైభాగం తెరచి ఉన్న వెడల్పాటి చెక్కతొట్టి మేలైనది. పిల్ల తాబేలుకైనా కనీసం నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉండాలి. తాబేలు పెరిగేకొద్దీ చోటు కూడా పెరగాలి.

తాబేలు శీతల రక్త జీవి. శరీరానికి కావలసిన వేడిని అది పరిసరాల నుండే గ్రహిస్తుంది. అందువల్ల తొట్టి అంతటా ఒకే ఉష్ణోగ్రత ఉండరాదు. ఒక చివర దీపం కింద 32 నుండి 35 డిగ్రీల సెల్సియస్, రెండవ చివర 20 నుండి 22 డిగ్రీలు ఉంటే, తనకు అవసరమైన చోటికి అదే నడిచి వెళుతుంది. చల్లని వైపున దాగడానికి ఒక చీకటి గూడు అవసరం.

వేడి ఒక్కటే చాలదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల వలన చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. అది లేకపోతే ఆహారంలోని కాల్షియం ఒంటబట్టదు; ఎముకలు బలహీనమై డిప్ప మెత్తబడుతుంది. కిటికీ అద్దం ఈ కిరణాలను చాలావరకు అడ్డగిస్తుంది. అందుచేత ప్రత్యేక దీపం అమర్చాలి. ఆ దీపం వెలుగుతున్నట్లే కనిపించినా కాలక్రమంలో దాని కిరణాల శక్తి క్షీణిస్తుంది. కనుక గడువు తీరగానే మార్చడం తప్పనిసరి.

తొట్టిలో మట్టి, ఇసుక కలిపి, తవ్వుకొని దాగడానికి వీలైనంత లోతుగా నింపాలి. అడుగుపొర కొద్దిగా తేమగా ఉండాలి. డిప్పపై గుట్టలు లేవడానికి మాంసకృత్తులు ఎక్కువైన ఆహారమే కారణమని ఒకప్పుడు భావించేవారు. ఆఫ్రికా తాబేటి పిల్లలపై జరిపి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పొడి గాలి అంతకంటె ముఖ్యమైన కారణమని తేలింది. లోతు తక్కువ గల నీటిపళ్ళెం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పీచు అధికంగా గల కలుపు ఆకులే హెర్మన్ తాబేటికి తగిన ఆహారం. తియ్యని పండ్లు, కుక్కలకు పెట్టే మేత హాని చేస్తాయి.

మన దేశంలో పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్ పొడి నేలలలో కూడా కనిపించే నక్షత్ర తాబేలును పట్టుకోవడం, అమ్మడం, ఇంటిలో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. డిప్పపై గల అందమైన నక్షత్రాల గుర్తులే దానికి శత్రువులైనాయి. వేల సంఖ్యలో అక్రమ రవాణాకు గురి అవుతున్నందున, 2019లో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలో దానికి అత్యున్నత రక్షణ కల్పించారు. సంచులలో కుక్కి తరలించేటప్పుడు ఎన్నో తాబేళ్ళు దారిలోనే మరణిస్తున్నాయి.

తాబేలు అరవదు, మొరపెట్టుకోదు. దాని బాధ బయటపడే నాటికి డిప్ప వంకర తిరిగి ఉంటుంది. ఆ వంకర మళ్ళీ సరికాదు. కాబట్టి ముద్దుగా ఉందని ఇంటికి తేవడం ప్రేమ కాదు. దాని అవసరాలను ముందుగా తెలుసుకోవడం ప్రేమ. అడవిలోని దానిని అడవిలోనే ఉండనీయడం అంతకు మించిన ప్రేమ.