దేవదారు పెట్టె



ఇరువదియేండ్ల క్రిందట ఒక సభలో నాకుఁ గప్పిన కాశ్మీరపు శాలువను మిక్కిలి ప్రియముతో దేవదారు పెట్టెలో దాఁచితిని. సుగంధము గల పెట్టెలోఁ బురుగు చేరదని నా నమ్మకము. మరుసటియేఁట తీసి చూడఁగా అంచు పొడవునను జల్లెడవలె తూట్లు. పెట్టె మాత్రము ఘుమఘుమలాడుచునే యున్నది! శాలువ పోయినందులకంటె నా నమ్మకము పోయినందులకే ఎక్కువ చింతించి, ఆ విషయమును కొంత విచారించితిని. ఆ విచారణఫలమునే నేఁడు మీకు విన్నవించుచున్నాను.

మొదట పేరును గూర్చి యొక మాట. దేవదారువనఁగా హిమాలయముల పశ్చిమభాగమున, కాశ్మీరము మొదలు గఢవాలు వఱకుఁ బెరిఁగెడి మహావృక్షము. నిఘంటువులు దీనికి భద్రదారువు, శక్రపాదపము అను పేళ్లిచ్చినవి. శ్రీనగరమునఁ బూర్వపు వంతెనలును, ఇంటిపడవలును ఈ కఱ్ఱతోఁ గట్టినవే. మన మెట్టకొండలలో దేవదారని పిలువఁబడు చిన్నచెట్టు వేఱు. దానికిని వాసన కలదు గాని, పెట్టెకుఁ జాలిన పలకలు రావు. అమెరికావారి “సీడరు” పెట్టెల కఱ్ఱ మఱియొకటి. అది జూనిపరు జాతికిఁ జెందినది. నానార్థముల చిక్కు నిఘంటువులలోనే కాదు, కఱ్ఱల అడితిలోను గలదు.

ఇఁక శత్రువు మాట. బట్టలను తినునది యెగిరెడి చిమ్మట కాదు. అది ఉన్నిమడతలలో గ్రుడ్లు పెట్టి పోవును. వానినుండి వెడలిన పురుగు ఉన్నిని, ఈఁకలను, పట్టును గొఱికి తినును. చెమట గాని నేతిమరక గాని యున్నచోటు దానికి మఱింత రుచి. అమెరికా వ్యవసాయశాఖవారు 1922లోఁ బ్రకటించిన పరిశోధనమునఁ దేలిన దేమనఁగా, బిగువైన సీడరు పెట్టెలోని యావిరి అప్పుడే పుట్టిన పిల్లపురుగులను జంపును. గ్రుడ్లను, ఎదిగిన పురుగులను జంపలేదు. ఆ పరీక్షలు జూనిపరు కఱ్ఱపైఁ జేసినవి. దేవదారుతైలమునకును పురుగులను వారించు గుణము కలదు గాని, దానిపై నంతకంటె నెక్కువ ఆశ పెట్టుకొనరాదు. నా శాలువ సంగతి అప్పుడు బోధపడినది. సభనాఁటి చెమటతోను, మడతలలోఁ జేరిన పురుగుతోను దానిని లోపల నుంచితిని; శత్రువును కోటలోఁ బెట్టి తలుపు మూసితిని! కావున ఉన్నిబట్టలను శుభ్రపఱచి, ఎండలో నాఱవేసి, మడతలు దులిపిన పిమ్మటనే పెట్టెలో నుంచవలెను.

పెట్టె 3½ అడుగుల పొడవు, 1½ అడుగు వెడల్పు, 1½ అడుగు ఎత్తు ఉన్నచో నొక కుటుంబమునకుఁ జాలును. పలక ముప్పాతిక అంగుళము దళసరి యుండవలెను. చెట్టు నడుమనుండు చేవయే వాసనకు స్థానము. బెరడు క్రింది తెల్లకఱ్ఱలో నది స్వల్పము. పలకలు బాగుగ నాఱినవి కావలెను. పచ్చికఱ్ఱతోఁ జేసిన పెట్టె వేసవిలో నోరు తెఱచును. వానకాలమునఁ గఱ్ఱ తన నార కడ్డముగా నుబ్బును గాని పొడవున నించుమించు ఉబ్బదు. అందుచేత నాలుగు ప్రక్కల పలకలకును నార నేలకు సమాంతరముగా నుండునట్లు అమర్పవలెను. అన్నియు నొక్కతీరున ఉబ్బినచో మూలలు విడిపోవు. మూలలకు మేకులు కొట్టుటకంటె, పావురపుతోఁకవలె చివర వెడల్పైన పండ్లను గోసి యొకదానిలో నొకటి దిగవేయుట మేలు. అడుగుపలకను గాడిలో నుంచి, జిగురు పెట్టక వదలవలెను. కఱ్ఱ చచ్చినను ఊపిరి పీల్చుట మానదని మా వడ్రంగి మాట.

లోపల వార్నీషు గాని లక్క గాని పూయరాదు. పూసినచో సుగంధతైలము కఱ్ఱలోనే బంధింపఁబడును. అంతియకాక ఆ తైలము తగిలి పూత జిగురుదేఱి బట్టలకంటును. వెలుపల నేది పూసినను సరియే. పట్టుచీరలను, జరీయంచులను కఱ్ఱకుఁ దగులనీయక, ఉతికిన పాతపంచెలోఁ జుట్టియుంచవలెను.

మూఁత బిగువుగా నుండవలెను. సందున్నచో ఆవిరి నిలువదు. కాని గాలి చొరని పెట్టె పురుగునకెట్లో పసిబిడ్డకు నట్లే ప్రాణాంతకము. మూసినంతనే తనకుఁ దాన పడు గడియ గల యిట్టి పెట్టెలలోఁ బిల్లలు చిక్కుకొని, ఊపిరాడక మరణించిన సంఘటనలు అమెరికాలో జరిగినవి. అట్టి గడియ వలదు. లోపలనుండి త్రోసినఁ దెఱచుకొను తేలికమూఁతను, విడిగాఁ దాళము వేయు కొండిని బెట్టింపుఁడు. మనుమలు వచ్చిననాఁడు నేను తాళము వేసి, చెవి మొలత్రాటఁ గట్టుకొందును.

కొన్నియేండ్లకు వాసన తగ్గును. పెట్టె పాడైనదని పాఱవేయఁబనిలేదు. లోపలితట్టును ఉప్పుకాగితముతోఁ బైపైన రుద్దినచో క్రొత్తపొర బయటపడి పరిమళము మరల వచ్చును. మా పెట్టెకు నే నిట్లు రెండుమాఱులు చేసితిని. శాలువ తూట్లను మా యింటివారు ఉన్నిదారముతోఁ బూడ్చిరి. అది యిప్పుడును ఆ పెట్టెలోనే యున్నది. ఏఁట రెండుసారులు వెలుపలికి వచ్చి యెండఁ జూచి పోవుచున్నది.