లాజికల్ రెప్లికేషన్‌లో స్లాట్ల నిర్వహణ: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆధారంగా ఒక పరిశీలన

ఒక డేటాబేస్‌లో జరిగే మార్పులను మరొక సర్వర్‌కు ఎప్పటికప్పుడు చేరవేయడాన్ని రెప్లికేషన్ అంటారు. డిస్కు మీది సమాచారాన్ని ఉన్నదున్నట్లు నకలు చేయక, ఏ పట్టికలో ఏ వరుస చేరింది, ఏది మారింది, ఏది తొలగింది అన్న రూపంలో పంపితే అది లాజికల్ రెప్లికేషన్. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో దీనికి పునాది 2014 నాటి 9.4 వెర్షన్‌లో పడింది. రెప్లికేషన్ స్లాట్లు ప్రవేశించిందీ అప్పుడే. పబ్లికేషన్, సబ్‌స్క్రిప్షన్ అనే నేటి ఏర్పాటు 2017లో 10వ వెర్షన్‌తో వచ్చింది.

స్లాట్‌ను పుస్తకంలో పెట్టుకున్న గుర్తుతో పోల్చవచ్చు గాని, ఆ పోలిక సగమే కుదురుతుంది. గుర్తు పెట్టిన పాఠకుడు తిరిగి రాకపోయినా పుస్తకానికి నష్టం లేదు. స్లాట్ విషయం వేరు. ప్రతి మార్పూ ముందుగా ‘వాల్’ అనే చిట్టాలో, సాధారణంగా 16 మెగాబైట్ల ఫైళ్లుగా నమోదవుతుంది. అవసరం తీరిన ఫైళ్లను సర్వర్ తొలగిస్తుంది, లేదా తిరిగి వాడుకుంటుంది. స్వీకర్త ఎంతవరకు అందుకున్నదీ స్లాట్ గుర్తుంచుకొని, అందని భాగం తొలగిపోకుండా ఆపుతుంది. స్వీకర్త గంటసేపు ఆగి తిరిగి లేస్తే ఇది వరమే. శాశ్వతంగా పోతే? ఆ తేడా స్లాట్‌కు తెలియదు. చిట్టా పేరుకుపోయి డిస్కు నిండుతుంది. చివరకు మూల సర్వరే ఆగిపోతుంది.

ఇటువంటి అనాథ స్లాట్లు ఏర్పడే తీరు గమనింపదగినది. సబ్‌స్క్రిప్షన్‌ను తొలగించేటప్పుడు మూల సర్వర్‌తో సంబంధం ఉంటే స్లాట్ కూడా సాధారణంగా దానితోపాటే పోతుంది. సంబంధం తెగినప్పుడు సబ్‌స్క్రిప్షన్‌ను ముందు నిలిపివేసి, స్లాట్ నుంచి విడదీసి తొలగించాలి. అప్పుడు మూల సర్వర్‌లో మిగిలిన స్లాట్‌ను విడిగా తీసివేయవలసి ఉంటుంది. మరచిపోవడానికి వీలున్న మెట్టు ఇదే. ‘పీజీ రెప్లికేషన్ స్లాట్స్’ వీక్షణలో స్లాట్ నిష్క్రియంగా కనిపించినంత మాత్రాన అది అనాథ అని తేల్చరాదు. అది ఆపి ఉంచిన చిట్టా పరిమాణం కాలక్రమంలో ఎలా పెరుగుతున్నదో కూడా చూడాలి.

2020లో వెలువడిన 13వ వెర్షన్ ‘మాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్’ అనే పరిమితిని ఇచ్చింది. దాని సహజ విలువ -1, అంటే హద్దు లేదు. స్వీకర్తకు ఒక్క మార్పు కూడా తప్పిపోరాదన్న పక్షాన్నే ఈ విలువ వహిస్తుంది. మూల సర్వర్ భద్రతను నిర్వాహకునికే వదిలివేస్తుంది. 2025 నాటి 18వ వెర్షన్‌లో, నిర్ణీత కాలం నిష్క్రియంగా ఉన్న స్లాట్‌ను రద్దుచేసే సదుపాయం చేరింది. అదీ నిర్వాహకుడు కోరితేనే పనిచేస్తుంది. పరిమితి విధిస్తే మూల సర్వర్ డిస్కుకు రక్షణ దొరుకుతుంది. దాన్ని మించి వెనుకబడిన స్లాట్ మాత్రం చెల్లకుండా పోవచ్చు. అప్పుడు కొత్త స్లాట్‌తో పట్టికలన్నింటినీ మొదటి నుంచి మళ్లీ నకలు చేయవలసి వస్తుంది.