సోనార్‌కు చిక్కని ముసుగు: నిజమెంత, పుకారెంత?

విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఒడ్డెక్కిన 91 మీటర్ల కుర్సురా జలాంతర్గామిని చూశాక చాలామందికి వచ్చే ఊహ ఒకటుంది: ఇప్పటి జలాంతర్గాములకు పల్చటి పూత పూస్తే చాలు, ధ్వనితో వెతికే సోనార్‌కు అసలు దొరకవని.

పూత మాట అబద్ధం కాదు. రెండో ప్రపంచయుద్ధంలోనే జర్మన్లు యు-480 అనే తమ జలాంతర్గామికి ‘ఆల్బెరిచ్’ అనే రబ్బరు తొడుగు అతికించారు. మందం 4 మిల్లీమీటర్లు. లోపలి పొర నిండా సన్నటి గాలి గదులు. సోనార్ తరంగం తగిలితే అవి నొక్కుకుని, సాగి, దాని శక్తిని మింగేస్తాయి. ప్రతిధ్వని బలహీనపడుతుంది, అంతే. లోతుకు దిగేకొద్దీ నీటి ఒత్తిడికి తొడుగు పనితనమూ మారిపోయేది. 1945లో యు-480ని ముంచింది సముద్రంలో పాతిన మైను. మైనుకు సోనార్‌తో పనేముంది!

పూత ఉంటే చప్పుడూ బయటికి రాదనేది మరో భ్రమ. ఇంజిను, ప్రొపెల్లరు చేసే రొదను చెవి ఒగ్గి వినే సోనార్లు వేరే ఉన్నాయి. అందుకే 1969లో విశాఖలో పుట్టిన నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ టార్పెడోలతో పాటు నౌకల చప్పుడు తగ్గించడం మీదా పనిచేస్తోంది.

అసలు మింగడం వేరు, దాచడం వేరు. ధ్వనిని మింగేసిన వస్తువు వెనక నీడ మిగులుతుంది. దాచాలంటే అక్కడ ఏమీ లేనట్టే తరంగం సాగిపోవాలి. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో స్టీవెన్ కమ్మర్ బృందం 2014లో చేసి చూపింది అదే. బెజ్జాలు పొడిచిన ప్లాస్టిక్ పలకలను పిరమిడ్‌లా పేర్చి, లోపల ఒక బంతి ఉంచారు. తిరిగొచ్చిన ధ్వని ఉత్త నేల మీద పడి వచ్చినట్టే ఉంది. అయితే అది గాలిలో, బల్ల మీద పట్టేంత నమూనా. నీటిలో 100 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం దాదాపు 15 మీటర్లు. అంత పొడవు తరంగాన్ని పల్చటి పలకతో మళ్లించడం చాలా కష్టం.

ఇదంతా మనిషి తెలివేనా? శ్రీముఖలింగం లాంటి పాత గుళ్లున్న ఊళ్లకు గబ్బిలాలు కొత్త కాదు. అవి కూత వేసి, దాని ప్రతిధ్వనితో చిమ్మటల్లాంటి పురుగులను పసిగడతాయి; ఆ కూత మన చెవికి అందదు. 40 కిలోహెర్ట్జ్ కూతకు తరంగదైర్ఘ్యం 8, 9 మిల్లీమీటర్లే. మన దసలి పట్టుపురుగుకు దగ్గరి చుట్టమైన చైనా పట్టుచిమ్మట రెక్కను 2022లో బ్రిస్టల్ శాస్త్రవేత్తలు అల్యూమినియం బిళ్ల మీద అతికించి చూస్తే, ప్రతిధ్వని 87 శాతం దాకా తగ్గింది. రెక్క మీది పొలుసుల్లో ఒక్కోటి ఒక్కో శ్రుతికి కంపిస్తుంది. అదీ మింగడమే, గబ్బిలం బాగా దగ్గరికొస్తే చిమ్మట దొరికిపోతుంది.