పడవలో బాలుడు, పులి, ఉప్పునీరు

మన నిమ్మనపల్లె, పుంగనూరు ప్రాంతములలో బోరునీటిని కాచిన పాత్ర యడుగున తెల్లని పెచ్చు కట్టుటను గమనింపని యిల్లాలుండదు. ‘ఉప్పునీళ్లు’ అని దానిని వాడుకకు విడిచి, మంచినీళ్లకై బిందె చంకనిడుకొని పోవుట మనవారికి అలవాటు. లీటరునకు 2 గ్రాములకు మించి లవణములు కరగియున్న నీరు త్రాగుట కనర్హమని భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. సముద్రజలమున అవి లీటరునకు దాదాపు 35 గ్రాములు.

యాన్ మార్టెల్ 2001లో వెలువరించిన ‘లైఫ్ ఆఫ్ పై’ నవలలో, పుదుచ్చేరి నుండి బయలుదేరిన పదునారేండ్ల బాలుడొకడు, ఓడ మునిగిన పిమ్మట, బెంగాల్ పులితో కూడ 227 దినములు పసిఫిక్ మహాసముద్రమున పడవపై బ్రదికెను. పులి వాని నెప్పుడు మ్రింగునో యని పాఠకులు తల్లడిల్లుదురు గాని, నాకు మాత్రము వాని మూత్రపిండములను గూర్చియే యెక్కువ భయము కలిగినది. మానవ మూత్రపిండము ఉప్పును నూటికి సుమారు 2 పాళ్లకు మించి చిక్కబఱుపజాలదు. కావున లీటరు సముద్రజలము త్రాగినవాడు, అందలి యుప్పును వెడలగొట్టుటకు ఒకటిముప్పావు లీటరు నీటిని వెచ్చింపవలసి వచ్చును. త్రాగినకొలది దాహము హెచ్చును. కడపట మతి చలించును.

ఈ విషయమున పులియే భాగ్యశాలి. మార్జాల కుటుంబపు మూత్రపిండములు మనవానికన్న మిక్కిలి చిక్కని మూత్రమును స్రవింపగలవు. పెంపుడు పిల్లి సముద్రజలముతోనే దాహము తీర్చుకొనగలదని గత శతాబ్ది మధ్యమున ప్రయోగపూర్వకముగా తేలినది. సుందరవనముల పులులు ఉప్పుటేళ్ల నీదుచు, మడ అడవులలోనే తరతరములుగా మనుచున్నవి.

కథ యటుండ, యథార్థమున ఇట్టి యాపదను దాటినవారు కలరు. 1972 జూన్ 15వ తేదీన, గలపాగస్ దీవులకు పడమర, రాబర్ట్‌సన్ కుటుంబపు తెరచాపపడవను ఓర్కా తిమింగలములు ఢీకొని ముంచినవి. కౌమారము దాటని పెద్దకుమారుడు డగ్లస్, కవలలగు తమ్ములు, తలిదండ్రులు, తోడివచ్చిన యువకుడొకడు, ఈ యార్గురు మొదట రబ్బరు తెప్పపైనను, అది పాడైన పిమ్మట చిన్న పడవలోను, సొరచేపల నడుమ దినములు గడపిరి. వాన కురిసినప్పుడు నీరు పట్టిరి. కురియనప్పుడు తాబేలు రక్తమును గడ్డకట్టకమునుపే త్రాగిరి. తాబేలు సముద్రమున బ్రదుకునదే యైనను, కన్నుల చెంతనున్న గ్రంథులనుండి కడలికన్న ఉప్పనైన కన్నీటిని విడుచుచు, తన రక్తమును మన రక్తమువలె ఉప్పు తక్కువగా నిలుపుకొనును. మన కోస్తా తీరమున గ్రుడ్లు పెట్టవచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్లకును ఈ శక్తి కలదు.

పడవ యడుగున తాబేటి రక్తముతో, క్రొవ్వుతో కలిసి రోతగానున్న వాననీరు కొంత మిగిలినది. అది ఉప్పనిది కాదు. కాని త్రాగిన వాంతియగును. పూర్వము నర్సుగా పనిచేసిన తల్లి, పెద్దప్రేవు నీటిని పీల్చుకొనునని యెఱిగినది గావున, దానిని వస్తిరూపమున లోనికెక్కించెను. సముద్రజలముతో నటుచేసిన ప్రాణాంతకమే. 38వ దినమున జపాను చేపలపడవ యొకటి వారిని కనుగొన్నప్పుడు ఆర్గురును సజీవులై యుండిరి.