పుచ్చుకుంటినమ్మ వాయినం

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



బతుకమ్మను నీళ్ళలో విడిచాక చెరువు గట్టు మీద మనం ఒకరికొకరం సద్దులు పంచుకుంటాం కదా! ఇచ్చే ఆవిడ "ఇస్తినమ్మ వాయినం" అంటుంది. అందుకునే ఆవిడ ఊరికే కొంగు పట్టి వెళ్ళిపోదు. "పుచ్చుకుంటినమ్మ వాయినం" అని పైకి అంటుంది. ఆ మాట వినపడితేనే ఇచ్చినది ఇచ్చినట్టు. జనగామలో మా పుట్టింట్లో చిన్నప్పటి నుంచీ ఈ మాట అంటూనే పెరిగాను. అయినా దాని అర్థం నాకు తెలిసిరావడానికి ఒక తప్పు చేయవలసి వచ్చింది. ఇవాళ కృతజ్ఞత తెలిపే ఉత్తరాల గురించీ, గ్రీటింగు కార్డుల గురించీ నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. ముందు ఆ తప్పేమిటో చెబుతాను.

2001లో నా పెళ్ళయి మహబూబాబాదుకు, అదే మన మానుకోటకు, కాపురానికి వచ్చాను. మా నాన్నకు వరుసకు అక్క అయిన మేనత్త భూపాలపల్లిలో ఉండేది. మామయ్యకు సింగరేణిలో ఉద్యోగం. మోకాళ్ళ నొప్పులతో అత్త పెళ్ళికి రాలేకపోయింది. కొన్నాళ్ళకు పాత చీరలతో తన చేత్తో కుట్టిన బొంతను, ఇటు వస్తున్న పక్కింటి అబ్బాయి చేతికిచ్చి పంపింది. 'రేపు ఉత్తరం వ్రాద్దాం' అనుకున్నాను. కొత్త కాపురం, వచ్చేపోయే చుట్టాలు. ఆ రేపు రానేలేదు. తరువాత 'ఇన్నాళ్ళయ్యాక ఏమని వ్రాస్తాం?' అని సిగ్గు. ఆ తరువాత మరిచేపోయాను.

మూడేళ్ళకు ఒక పెళ్ళిలో అత్త కలిసింది. నలుగురూ లేచి వెళ్ళిందాకా ఆగి, మెల్లగా అడిగింది: "బొంత అందిందా బిడ్డా?"

"మొదటి చలికాలం నుంచీ దాన్నే కప్పుకుంటున్నాం అత్తా" అన్నాను సంబరంగా. ఆమె ముఖం తెల్లబోయింది. నా దగ్గర నుంచి కబురు లేకపోయేసరికి అది అందలేదనుకుందట. 'ఇచ్చిన' అని ఆ అబ్బాయి ఎంత చెప్పినా నమ్మలేదట. అతనితోనూ, అతని తల్లితోనూ మాటలు మానేసిందట. "ఆమె పోయిన ఏడే చచ్చిపోయింది బిడ్డా. చూడనన్న పోలేదు నేను" అంది. నాకు నోట మాట రాలేదు. ఒక్క కార్డు ముక్క వ్రాసి ఉంటే ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళ స్నేహం నిలిచేది.

"మరి నన్నే ఎందుకు అడగలేదు అత్తా?" అన్నాను. "ఇచ్చినదాన్ని అడిగితే ఎత్తిపొడిచినట్టుండదా?" అంది. నిజమే కదండీ! ఇచ్చినవాళ్ళు అడగలేరు. కనుక పుచ్చుకున్నవాళ్ళే చెప్పాలి.

"మనవాళ్ళకు థాంక్సులేమిటి, పరాయివాళ్ళలాగా?" అని మీలో కొందరు అంటారు. మా అత్తగారూ అదే అనేవారు. అందులో న్యాయం లేకపోలేదు. కన్నతల్లికి ధన్యవాదాలు చెబితే ఆవిడ నొచ్చుకుంటుంది. కానీ నేను చెప్పే ఉత్తరంలో ఆ మాట ఉండి తీరాలని లేదు. 'అందింది, ఇలా వాడుకుంటున్నాం, నువ్వు గుర్తొచ్చావు' అన్న మూడు ముక్కలు ఉంటే చాలు. పెళ్ళిలో కట్నాలు చదివించడం మాత్రం ఏమిటి? ఫలానా వారు ఇచ్చారు, మాకు ముట్టింది అని పదిమందిలో చెప్పడమే.

ఇక వ్రాసే పద్ధతి చూద్దాం. అందిన వారం పది రోజుల్లోపల వ్రాయడం మంచిది. పెళ్ళివంటి పెద్ద పనయితే రోజుకు నాలుగు చొప్పున వ్రాస్తే నెలలో అయిపోతాయి. కట్నాలు వ్రాసిన పుస్తకం ఉంటుంది కదా, మనం దాన్ని తిరిగి ఎవరికెంత పెట్టాలో చూసుకోవడానికే తీస్తాం. ఉత్తరాలకూ అదే పట్టిక. వ్రాసిన పేరుకు టిక్కు పెట్టుకోండి. వస్తువును పేరుపెట్టి చెప్పండి. 'మీ బహుమతి' అని ఊరుకుంటే ఏమిచ్చారో గుర్తులేదనుకుంటారు. ధర మాట ఎత్తకండి. డబ్బు ఇచ్చినవారికి దానితో ఏం కొన్నారో చెప్పండి. ఒకే రకం వస్తువు రెండు వచ్చినా ఆ సంగతి వ్రాయనక్కరలేదు. పిల్లలకు వచ్చినదానికి పిల్లల చేతే వ్రాయించండి. అక్షరాలు వంకరపోయినా ఫరవాలేదు.

ఇదుగో, ఇలా వ్రాస్తే సరిపోతుంది:

"పిన్నిగారికి నమస్కారాలు. మీరు పంపిన పెంబర్తి ఇత్తడి పళ్ళెం భద్రంగా అందింది. మొన్న శ్రావణ శుక్రవారం నాడు పేరంటానికి వచ్చినవాళ్ళకు అందులోనే తాంబూలం పెట్టి ఇచ్చాను. అందరూ ఎక్కడిదని అడిగారు, మీ పేరు చెప్పాను. బాబాయిగారికి దగ్గు తగ్గిందా? దసరాకు మీరిద్దరూ తప్పక రావాలి."

ఐదారు వాక్యాలే. తెచ్చినవారి చేత పంపితే, 'ఫలానా అబ్బాయి జాగ్రత్తగా తెచ్చి ఇచ్చాడు' అని ఇంకొకటి చేర్చండి. ఎందుకో మీకిప్పుడు తెలుసు.

సంబోధన గురించి ఒక మాట. వెనుకటి ఉత్తరాల్లో పెద్దలకు 'మహారాజశ్రీ', చిన్నవాళ్ళకు 'చిరంజీవి', 'చి.ల.సౌ.' అని వ్రాసేవారు. భర్త పోయిన ఆవిడకు 'గంగాభాగీరథీ సమానురాలు' అనేవారు. గౌరవంగానే అనేవారు, కాదనను. కానీ కవరు తీసీ తీయకముందే ఆమె దుఃఖాన్ని ఆమెకు గుర్తు చేయడం ఎందుకు? అందరికీ వ్రాసినట్టే ఆమెకూ 'శ్రీమతి' అని వ్రాయండి.

ఇప్పుడు గ్రీటింగు కార్డులు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు వ్రాసే తీరిక లేక, ఒక చిత్రకారుడి చేత బొమ్మ వేయించి కార్డులు అచ్చొత్తించాడు. క్రిస్మస్ కార్డులకు అదే మొదలంటారు. అంటే కార్డు పుట్టిందే తీరిక లేక! మన తంతి తపాలా వాళ్ళూ శుభాకాంక్షల వాక్యాలకు అంకెలు పెట్టారు. పండుగకొకటి, పెళ్ళికొకటి, ఆ అంకె చెబితే చాలు, వాక్యం అవతల చేరేది. 2013 జూలైలో టెలిగ్రాములు ఆగిపోయాయి గాని ఆ అలవాటు పోలేదు. ఇవాళ ఫోనులో వచ్చిన బొమ్మనే మనం మరో ఇరవైమందికి తోసేస్తున్నాం. తప్పని అనను. కానీ అచ్చు మాట అందరిదీ, మన చేతి వ్రాత ఒక్కటే మనది. కార్డు మీద వారి పేరు, కింద మన పేరు, మధ్య రెండు వాక్యాలు సొంతంగా వ్రాయండి. ఫోనులో పంపినా అంతే, ఆ రెండు వాక్యాలూ మీవి కావాలి.

ఎవరికి పంపకూడదో కూడా తెలిసి ఉండాలి. ఏడాది లోపల మనిషి పోయిన ఇంట్లో పండుగ ఉండదు. వారికి శుభాకాంక్షలు వద్దు, 'ఎలా ఉన్నారు?' అని మామూలు ఉత్తరం వ్రాయండి. రంజానుకూ క్రిస్మసుకూ మన వీధిలోని వారికి తప్పక పంపండి. అయితే మొహర్రం కర్బలా అమరుల సంతాప దినం, గుడ్ ఫ్రైడే ఏసుక్రీస్తును సిలువ వేసిన దినం. ఆ రోజుల్లో 'శుభాకాంక్షలు' అనకూడదు.

చివరగా చిరునామా. 2016 అక్టోబరు 11న మన మూడు ఊళ్ళూ మూడు జిల్లాలయ్యాయి. ఇంకా 'వరంగల్ జిల్లా' అనే వ్రాసేవాళ్ళున్నారు. 'మానుకోట' మాట్లాడుకోవడానికి ముద్దు, కవరు మీద 'మహబూబాబాదు' వ్రాయండి. పిన్‌కోడు మరవకండి: జనగామ 506167, మహబూబాబాదు 506101, భూపాలపల్లి 506169.

ఆ పెళ్ళి నుంచి రాగానే నేను రెండు కార్డులు వ్రాశాను. ఒకటి అత్తకు. రెండోది ఆ అబ్బాయికి: "బొంత భద్రంగా తెచ్చి ఇచ్చావు, చెప్పకపోవడం నా తప్పు" అని. అతను జవాబు వ్రాయలేదు. కానీ అత్త దగ్గరికి వచ్చి, ఆ కార్డు చూపించి, మంచినీళ్ళు తాగి వెళ్ళాడట.

మీకూ ఎక్కడో ఒక బాకీ ఉండే ఉంటుంది. చీర కావచ్చు, పచ్చడి జాడీ కావచ్చు, ఆపదలో చేసిన సాయం కావచ్చు. ఆలస్యమైందని సిగ్గుపడకండి. వంట అయ్యాక ఇవాళే కలం తీసి, పుచ్చుకుంటినమ్మ అనండి.