చుట్ట మానుటకు తగిన కారణము



చుట్ట, బీడి, సిగరెట్టు ఆరోగ్యమునకు హానికరములని యెరుగనివారు మన సంఘ సభ్యులలో లేరు. పెట్టెమీది బొమ్మయే ఆ సంగతి చెప్పుచున్నది. అయినను తెలిసినంత మాత్రమున మానినవారు బహుకొద్ది. మానుటకు తనదైన కారణము దొరకకపోవుటయే అసలు చిక్కు.

పొగాకు గుణమును రైతునకు వేరొకరు చెప్పనక్కరలేదు. పేనుబంక పట్టిన పైరుపై పొగాకు కషాయమును చల్లిన పురుగు చచ్చుట మనము చూచినదే. అందు చంపునది నికొటిన్ అను విషము. తడిసిన పచ్చియాకు కోయు కూలీలకు వాంతులును, తలతిరుగుటయు కలుగుటకు హేతువు అదియే. మనుష్యుని చుట్టకు కట్టివేయునదియు అదియే. ఇక కాల్చినప్పుడు పుట్టు తారు వలన ఊపిరితిత్తులకు కలుగు చెరుపు వేరు. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతముల పల్లెలలో స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు వాడుక కలదు. దానికిని అంగిటిలో పుట్టు రాచపుండునకును, అనగా క్యాన్సరునకును, గల సంబంధమును బొంబాయి వైద్యుడు ఖానోల్కరు 1945లోనే ప్రకటించెను.

పొగాకు పండించు మనమే పొగ మానుట యేమని కొందరు పరిహసింతురు. ఆముదము పండించువాడు నిత్యము ఆముదము త్రాగుచున్నాడా?

నేనెరిగిన యొక రైతు వైద్యుని మాటపై మూడుమారులు మాని, మూడుమారులును మరల మొదలిడెను. పిదప నొకనాడు తాను పారవేసిన చుట్టపీకను మనుమడు గడ్డివామి చాటున వెలిగించుట కంటబడెను. ఆ దినము మొదలు చుట్ట ముట్టలేదు. వామి కాలునను భయమా, పిల్లవాడు చెడునను భయమా యని అడిగితిని. “రెండును” అనెను. ఇట్టి కారణము ఇతరులు ఇచ్చునది కాదు. ఒకనికి మెట్టదారిలో వచ్చు ఆయాసము, ఒకనికి ఇంటిలో పసిబిడ్డ దగ్గు, ఒకనికి రొక్కము. దినమునకు 20 రూపాయలు కాల్చువాడు ఏడాదికి 7,300 రూపాయలు కాల్చుచున్నాడు. ఆ సొమ్ము సంఘమున దాచిన విత్తనపు ఖర్చునకు అక్కరకు వచ్చును.

పొగాకు మొక్క తల త్రుంచిన పిదప ఆకుపంచలందు పిలకలు మొలచును. ఒకమారు తీసి యూరకుండిన ఆకు దక్కదు. మానినవాని కోరికయు అట్టిదే. మొదటి కొన్ని దినములు మిక్కిలి కష్టము. చిరాకును, నిద్రలేమియు కలుగును. రెండు మొదలు నాలుగు వారములలో ఇవి చాలవరకు తగ్గును. కోరిక పుట్టినప్పుడు కొద్ది నిమిషములు తాళిన అది జారిపోవును. అంతసేపు మంచినీరు త్రాగుచు, చేతికి ఏదేని పని కల్పింపవలెను. టీకొట్టు వద్ద పొగరాయుళ్ల నడుమ కొన్నాళ్లు కూర్చుండకుండుట మేలు. ఖైనీకో గుట్కాకో మారుట మానుట కాదు. నడుమ నొకటి కాల్చినను, ఆ మరునాడే మరల మానవలెను.

ఫలము కొరకు పంటకాలము వేచియుండ నక్కరలేదు. ఒకటి రెండు దినములలో రక్తమందలి విషవాయువు తగ్గును. ఏడాది గడచునప్పటికి గుండెజబ్బు అపాయము, పొగత్రాగువానికి గల దానిలో దాదాపు సగమునకు దిగును. ఒంటరిగా మానలేనివారు 1800-11-2356 అను ప్రభుత్వపు ఉచిత ఫోనునకు మాటాడి సలహా పొందవచ్చును. నోటిలో పుండు గాని, తెల్లని మచ్చ గాని రెండు వారములకు మించి మానకున్నచో, మందులకొట్టును నమ్మక తిన్నగా వైద్యశాలకు పోవలెను.