తుమ్మెదలకు తావిచ్చు పెరటి పొదలు

బీర, సొర, గుమ్మడి పాదులలో మగపూవు వేరు, ఆడుపూవు వేరు. ఆడుపూవు అడుగున చిన్న పిందె మొదటినుండియు ఉండును. మగపూవు పుప్పొడి దానిని చేరినగాని ఆ పిందె కాయగా ఎదుగదు, పసుపువారి రాలిపోవును. పాదు ఏపుగా నున్నను, పూలు విరగబూచినను కాయ నిలువదని పలువురు గృహిణులు విచారపడుచుందురు. నీరు, ఎరువు చాలకపోవుటయు అందుకు కారణము కావచ్చును. పుప్పొడిని మోయు జీవులు రాకపోవుటయే కారణమా యని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. మగపూవునొకదానిని త్రుంచి, రేకులు తొలగించి, అప్పుడే విచ్చిన ఆడుపూవు నడిమి భాగమునకు పుప్పొడిని అద్దవలెను. గుమ్మడికి ఉదయము, బీరకును సొరకును సాయంకాలము అనువైన వేళ. ఇట్లు అద్దిన పిందెలు నిలిచి, తక్కినవి రాలినచో, మన పెరటికి అతిథులు కరవైనారని గ్రహింపవచ్చును.

వీరిని మరల రప్పించుటకు మన నేలలో పుట్టిన పొదలను నాలుగింటిని పెంచిన చాలును.

మొదట చెప్పదగినది తంగేడు. బతుకమ్మలో పేర్చు ఈ పూవును 2014లో తెలంగాణ తన రాష్ట్ర పుష్పముగా స్వీకరించినది. ఈ పూవులో తేనె లేదు. పుప్పొడి మాత్రమే కలదు. అదియు కేసరముల కొనలనున్న సన్నని రంధ్రములలో దాగియుండును. నల్లని పెద్ద తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని ఒడలు కంపింపజేయగా ఆ పుప్పొడి జలజల రాలును. తేనెటీగకు ఈ విద్య తెలియదు. వంకాయ పూవు నిర్మాణమును ఇట్టిదే. కనుక తంగేటికి వచ్చు తుమ్మెద ప్రక్కనున్న వంగమడికిని మేలు చేయును. తుమ్మెదకు తేనెయు కావలెను గనుక తంగేటి చెంత అడ్డసరమును నాటుట మంచిది. ఎండిన వెదురు బొంగులు, పాత కొయ్య ఒక మూల ఉంచినచో అది వానిలో గూడు చేసికొనును.

రాత్రి సంచరించు రెక్కల పురుగులకు తెల్లని రంగు, సువాసన ఆకర్షణములు. ఒంటిరేకు నందివర్ధనము, పారిజాతము వీనికై నాటదగినవి. ముద్దపూలలో కేసరములు కూడ రేకులుగా మారిపోవుటచే పురుగులకు దక్కునది స్వల్పము. కంచెగా వావిలి శ్రేష్ఠము. కొమ్మ పాతిన బ్రతుకును, తేనెటీగలను విశేషముగా రప్పించును. నూరువరహాల పొడుగాటి గొట్టపు పూలలోని తేనె సీతాకోకచిలుకలకు అందును. తులసి వెన్నులన్నియు గిల్లివేయక కొన్నింటిని పూయనిచ్చిన, చిన్న తేనెటీగలకు అదియే విందు.

కరివేప మీది ఆకుపచ్చని గొంగళి పురుగును చూచినంతనే నలిపివేయుట మన అలవాటు. అది కొలది దినములలో నల్లని సీతాకోకచిలుకగా మారును. చెట్టు పెద్దదైనచో రెండు రెమ్మలు దానికి విడిచిపెట్టుట నష్టము కాదు.

తంగేటి గింజల పై పొర గట్టిది. గరుకు రాతిపై కొంచెము రుద్ది, ఒక రాత్రి నానవేసి, తొలకరిలో ఉండవలసిన చోటనే విత్తవలెను. నందివర్ధనము, అడ్డసరము, వావిలి కొమ్మల వలన పెరుగును. ఒక్కొక్క జాతిని రెండు మూడు మొక్కలుగా కలిపి నాటినచో పూల గుంపు దూరమునుండియే కీటకముల కంటబడును. లంటానాకును సీతాకోకచిలుకలు వచ్చుట నిజమే. కాని అమెరికా ఖండము నుండి వచ్చిన ఆ మొక్క మన అడవులను ఆక్రమించినది. దానిని పెరటికి తేరాదు.

పెరడంతయు సిమెంటుతో కప్పక కొంత నేలను వదలవలెను. మట్టిలో గూడు చేయు ఈగలు అనేకము కలవు. లోతులేని పళ్ళెములో గులకరాళ్ళు వేసి నీరుంచిన అవి మునుగక త్రాగును. అన్నిటికన్న ముఖ్యమైనది, పూత మీద పురుగుమందు చల్లకుండుట. పూవును కాపాడుటకని చల్లిన మందు, ఆ పూవును కాయగా మార్చు జీవినే చంపును. మనము నాటిన పొదలు వారిని పిలుచును. మన చేతిలోని మందు వారిని తరుముచుండినచో ఆ పిలుపు వ్యర్థము.